ట్రైకోడెర్మా, సూడోమోనాస్ ఒకే డ్రమ్ములో కలపొచ్చా? ఈ సార్వా ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలారు. మా వైపు నారుమళ్లు తడుస్తున్నాయి. ఈ సార్వాకి, అంటే ఖరీఫ్ వరికి, ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకుని పని మొదలుపెట్టాను: ట్రైకోడెర్మా, సూడోమోనాస్ పొడులు రెండింటినీ ఒకే డ్రమ్ములో బెల్లం నీళ్లలో నానబెట్టి పొలంలో పొయ్యొచ్చా?

ప్రశ్న మామయ్యగారిది. కొట్టువాడు కలిపేయమన్నాడట. పక్క చేను రైతు వద్దన్నాడట. ఫోన్లో వీడియోలు చూస్తే రెండు రకాలుగానూ చెబుతున్నారు, అందరూ అంతే ధీమాగా. "బాటనీ చెబుతావు కదా అమ్మాయ్, నువ్వే తేల్చు. రెండుసార్లు పోస్తే రెండు కూలీలు" అన్నారు. కూలి లెక్క దగ్గరే అసలు విషయం ఉంది.

తెలియనివారికి రెండు ముక్కలు. ట్రైకోడెర్మా ఒక బూజు, అంటే శిలీంధ్రం. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ బాక్టీరియా. రెండూ మొక్కల వేళ్ల చుట్టూ బతుకుతాయి, రెండూ తెగులు బూజుల్ని అణుస్తాయి. అణిచే దారుల్లో రసాయనాలు ముఖ్యమైనవి. ఇక్కడే నా అనుమానం. సూడోమోనాస్ విడిచే మందుకి తెగులు బూజు ఏదో, మనకు కావాల్సిన బూజు ఏదో తేడా తెలుస్తుందా? రెండూ శిలీంధ్రాలే కదా.

జూలై మొదట్లో

వెనక గదిలో సామాను పెట్టాను. స్పిరిటు దీపం, గాజు ప్లేట్లు, కాలేజీలో పాతబడితే అడిగి తెచ్చుకున్న మైక్రోస్కోపు. తిండి మాధ్యమం ఇంట్లోనే: లీటరుకి 200 గ్రాముల బంగాళాదుంపలు ఉడికించి వడకట్టిన నీళ్లు, 20 గ్రాముల గ్లూకోజు, 20 గ్రాముల అగర్. అగర్ దొరక్కపోతే స్వీట్లలో వాడే చైనాగ్రాస్ కూడా పనిచేస్తుంది, కాకపోతే కొంచెం ఎక్కువ వేయాలి. కుక్కర్లో పూర్తి ప్రెషర్ మీద ఇరవై నిమిషాలు ఉంచితే చాలావరకు శుభ్రమవుతుంది. బూజు పెంచేందుకు కుక్కరు వాడతానని తెలిసిన క్షణం నుంచి అత్తయ్యగారు అందులో పప్పు ఉడకెయ్యడం మానేశారు. కొత్త కుక్కరు కొని, పాతది నా గదికి మార్చాం. ప్రాజెక్టు ఖర్చుల్లో అదే పెద్దది.

ముందు ప్యాకెట్ల సంగతి తేల్చాలి. మన దేశంలో ట్రైకోడెర్మా పొడిలో గ్రాముకి కనీసం 20 లక్షల సజీవ కణాలు ఉండాలి. గ్రాము పొడిని శుభ్రమైన నీళ్లలో కలిపి, పదింతలు పలచన, మళ్లీ పదింతలు పలచన అలా చేసుకుంటూ పోయి ప్లేట్ల మీద రాశాను. మొదటి ప్యాకెట్టులో ఆకుపచ్చ బూజు అక్కడక్కడా విసిరేసినట్టు వచ్చింది. లేబుల్ లెక్కలో పదో వంతు కూడా లేదు, పైగా పిలవని బాక్టీరియా చాలా ఉంది. ఏ కంపెనీదో రాయను. నిజానికి తప్పు కంపెనీదేనని కూడా అనలేను. రేకుల షెడ్డు కింద, మే నెల ఎండలో అట్టపెట్టెలో పడి ఉన్న పొడిలో ప్రాణం ఎంత మిగులుతుంది? రెండో చోట, ఫ్రిజ్ పక్కన చల్లగా పెట్టినచోట కొన్నది బాగా లేచింది. మూడో రోజుకి ప్లేటంతా ఆకుపచ్చ వలయాలు. ప్రయోగం మొత్తం దీంతోనే.

లేబుల్ మీద ట్రైకోడెర్మా విరిడి అని ఉంది. మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు డీఎన్ఏ చూస్తే ట్రైకోడెర్మా ఆస్పెరెల్లం అని తేలుతుంటాయి. నాది ఏదో చెప్పగలిగే సామాను నా దగ్గర లేదు. కాబట్టి ఇక్కడ ట్రైకోడెర్మా అని మాత్రమే రాస్తాను.

అదే వారం, సాయంత్రం

ప్లేటు మూత కాస్త ఎత్తేసరికి గదిలో కొబ్బరి వాసన. కోనసీమలో కొబ్బరి వాసన వస్తే ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ గదిలో కొబ్బరి లేదు. నూనె సీసా కూడా లేదు.

ఇది ట్రైకోడెర్మా విడిచే 6-పెంటైల్ పైరోన్ అనే ఆవిరి. 1972లో కాలిన్స్, హలీమ్ అనే ఇద్దరు ట్రైకోడెర్మా విరిడి వాసనకి ప్రధాన కారణం ఇదేనని తేల్చారు. కొబ్బరి రుచి కోసం తినుబండారాల్లో కలిపేదీ ఇదే పదార్థం. బూజు మటుకు దీన్ని మన బిస్కెట్ల కోసం చేయదు. ఈ ఆవిరి తగిలితే ఫ్యుజేరియం, రైజోక్టోనియా లాంటి తెగులు బూజులు నెమ్మదిస్తాయి.

ఒక హెచ్చరిక. వాసన వస్తే గమనించడం వేరు, ముక్కు పెట్టి పీల్చడం వేరు. పక్క ప్లేటులోనే పసుపుపచ్చ ఆస్పర్జిల్లస్ లేచింది. అఫ్లాటాక్సిన్ చేసే ఫ్లేవస్ కూడా ఆ రంగులోనే ఉంటుంది. మాస్కు లేకుండా మూతలు తీయొద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండటమే మంచిది.

జూలై మూడో వారం

సూడోమోనాస్ పని. దీనికి వేరే మాధ్యమం: లీటరుకి పెప్టోన్ 20 గ్రాములు, గ్లిసరాల్ ఓ 15 మిల్లీలీటర్లు, డైపొటాషియం ఫాస్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు ఒకటిన్నర గ్రాముల చొప్పున, మామూలుగా అగర్. దీన్ని కింగ్స్ బీ అంటారు. ఇందులో ఇనుము చాలా తక్కువ. ఇనుము దొరక్కపోతే సూడోమోనాస్ పయోవెర్డిన్ అనే పదార్థాన్ని బయటికి పంపి, ఉన్న కాస్త ఇనుమునీ పట్టుకుని లోపలికి తెచ్చుకుంటుంది. పసుపుపచ్చగా ఉండే ఆ పయోవెర్డిన్ అతినీలలోహిత కాంతిలో వెలుగుతుంది.

ఆ కాంతి కోసం పెద్ద లాంపు అక్కర్లేదు. కిరాణా కొట్లలో దొంగనోట్లు చూసే చిన్న లైటు చాలు. రాత్రి దీపాలార్పి వేస్తే బాక్టీరియా గీత లేతాకుపచ్చగా మెరిసింది. మా అబ్బాయి పక్కింటి పిల్లలందర్నీ పిలుచుకొచ్చాడు.

మర్నాడు ఇంకో ప్లేటులో మాధ్యమం పోసేముందు ఫెరిక్ క్లోరైడు ద్రావణం కొద్దిగా కలిపాను. ఆ ప్లేటులో బాక్టీరియా బాగానే పెరిగింది కానీ మెరుపు లేదు. తిండిలో ఇనుము ఉంటే ఆ పదార్థం చేసే అవసరమే రాలేదు. ఈ చిన్న పరీక్ష ముందే చేసుకోవడం మంచిదైంది. ఒక సూక్ష్మజీవి "ఫలానా రసాయనం చేస్తుంది" అని పుస్తకంలో ఉంటే, ఏ తిండి మీద, ఎవరి పక్కన అని అడగాలని ఇక్కడే అర్థమవుతుంది.

జూలై చివర

ముఖాముఖి. ప్లేటు ఒక పక్క ట్రైకోడెర్మా ముక్క, రెండో పక్క సూడోమోనాస్ గీత. కింగ్స్ బీ మీద ఒక సెట్టు, బంగాళాదుంప మాధ్యమం మీద ఒకటి, అదే మాధ్యమాన్ని అయిదో వంతుకి పలచన చేసి ఇంకొకటి.

కింగ్స్ బీ మీద ట్రైకోడెర్మా గీత దగ్గరికొచ్చి ఆగిపోయింది. మధ్యలో వేలెడు వెడల్పు ఖాళీ, అంచున బూజు పోగులు పలచగా, తెల్లగా, ఆకుపచ్చ సిద్ధబీజాలు లేకుండా. బంగాళాదుంప మీద ఖాళీ చిన్నది. పలచన ప్లేటులో మటుకు ట్రైకోడెర్మా గీత దాకా వచ్చి, కొన్నిచోట్ల గీత మీదికీ ఎక్కింది. రెండు జీవులూ అవే, ఫలితం మూడు రకాలు.

మామయ్యగారికి ఫొటోలు చూపించాను. "అయితే కలపకూడదన్నమాట" అని మొదటి ప్లేటు చూసి అన్నారు. మూడోది చూసి, "కలపొచ్చు కూడా" అన్నారు. అక్కడే ఉన్నాం ఇంకా.

ఆగస్టు

నాట్లు అయిపోయాయి. మాది స్వర్ణ, ఎంటీయూ 7029. మార్టేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన రకం. దిగుబడికి తిరుగులేదు, పాముపొడ తెగులుకి మటుకు లొంగిపోతుంది.

ప్లేట్ల మీద చూసింది మట్టిలో ఎలా ఉంటుందో చూడాలి. ప్లాస్టిక్ కప్పుల అడుగున కన్నాలు పెట్టి, చేలోని మట్టీ మాగిన గెత్తమూ (పశువుల ఎరువు) కలిపి నింపాను. విత్తనం అదే స్వర్ణ. కొన్నింటికి ఏమీ లేదు. కొన్నింటికి ట్రైకోడెర్మా మాత్రమే, కొన్నింటికి సూడోమోనాస్ మాత్రమే. మిగతావి మూడు రకాలు: రెండు పొడులూ అప్పటికప్పుడు నీళ్లలో కలిపి పోసినవి, రెండూ బెల్లం నీళ్లలో రెండు రోజులు ఉంచి పోసినవి, సూడోమోనాస్ విత్తనానికి పట్టించి ట్రైకోడెర్మా వారం తర్వాత గెత్తంతో వేసినవి.

బెల్లం డబ్బాను రోజూ చూశాను. మొదటి రోజు తేడా లేదు. రెండో రోజుకి పైన నురగ, పుల్లటి వాసన. అందులోంచి చుక్క తీసి పలచన చేసి ప్లేట్ల మీద వేస్తే బాక్టీరియా విపరీతంగా ఉంది, సూడోమోనాస్ కాని బాక్టీరియా కూడా. ట్రైకోడెర్మా లేచింది కానీ వేసినదాంతో పోలిస్తే బాగా తక్కువ. లేచినవి కూడా ఆలస్యంగా.

మొక్కలు కాస్త ఎదిగాక వేళ్లు కడిగి, ముక్కలు చేసి ప్లేట్లలో పెట్టాను. అప్పటికప్పుడు కలిపి పోసిన కప్పుల్లో వేళ్ల మీంచి రెండూ లేచాయి. వారం ఎడంతో వేసిన కప్పుల్లోనూ అంతే, ట్రైకోడెర్మా ఇంకాస్త ధారాళంగా. బెల్లం డబ్బా కప్పుల్లో వేరు ముక్కల చుట్టూ బాక్టీరియా జిగురే కనబడింది, ట్రైకోడెర్మా ఎక్కడో ఒకటి.

నాకు అర్థమైనంతవరకు లెక్క ఇది. మట్టిలో ఒక్కో కణం ఒక్కో చోట, మధ్యలో గాలి, నీళ్లు, మట్టి రేణువులు. తిండి తక్కువ. వదిలిన రసాయనం కూడా మట్టికి అంటుకుని, విరిగి, పలచబడిపోతుంది. పక్కవాడికి చేరేది కొంచెమే. బెల్లం డ్రమ్ములో తిండి మెండు, దూరం లేదు, గాలి తక్కువ. బాక్టీరియా గంటల్లో రెట్టింపవుతుంది, బూజు అంత వేగంగా పెరగలేదు. వదిలినదంతా అదే నీళ్లలో పేరుకుంటుంది. అంటే ఆ డ్రమ్ము పొలం కంటే నా కింగ్స్ బీ ప్లేటుకే దగ్గర.

సెప్టెంబరు, వర్షాలు తెరిపిచ్చాక

పాముపొడ వచ్చింది. అందరూ చూసే ఉంటారు: నీటిమట్టం దగ్గర ఆకుతొడుగు మీద మొదలై, బూడిద రంగు మచ్చ, చుట్టూ గోధుమ రంగు అంచు, ఒకదాని పక్కన ఒకటి చేరి పాము ఒంటి మీద పొడల్లా పైకి పాకుతుంది. కారణం రైజోక్టోనియా సొలాని. దీనికి గాల్లో ఎగిరే బీజాలు దాదాపు అక్కర్లేదు. స్క్లెరోషియా అనే గట్టి గోధుమ ఉండలు చేసుకుని మట్టిలో పడి ఉంటుంది. దమ్ము చేసినప్పుడు అవి నీటి మీద తేలి, దుబ్బుకి కొట్టుకుని, అక్కడే మొలకెత్తుతాయి. మచ్చ నీటిమట్టం దగ్గరే మొదలవడానికి కారణం అదే.

మచ్చ అంచు దగ్గర, సగం పచ్చగా సగం ఎండినట్టుగా ఉన్న ముక్క కోసి, బ్లీచింగ్ ద్రావణంలో నిమిషం ముంచి, శుభ్రమైన నీళ్లలో మూడుసార్లు కడిగి ప్లేటులో పెట్టాను. మూడు రోజుల్లో ప్లేటంతా నిండింది. మైక్రోస్కోపు కింద ఆనవాలు స్పష్టంగా ఉంది: కొమ్మ పోగు తల్లి పోగు నుంచి లంబకోణంలో చీలుతుంది, చీలిన చోట కాస్త నొక్కుకుపోయి, కొంచెం దూరంలోనే అడ్డుగోడ. ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోరు.

ఇప్పుడు అసలు జోడీ, ట్రైకోడెర్మా ఎదురుగా రైజోక్టోనియా. ఈ కథ పాతది. 1932లో వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త ట్రైకోడెర్మా రైజోక్టోనియా పోగుల్ని చుట్టుకుని తింటుందని రాశాడు. తర్వాత, తాకకముందే చంపే పదార్థం ఒకటుందని గమనించి, 1936లో ఎమర్సన్‌తో కలిసి దాన్ని విడదీశాడు. అదే గ్లయోటాక్సిన్. వాళ్లు ట్రైకోడెర్మా లిగ్నోరం అనుకున్న ఆ బూజు ఇప్పటి పేరుతో ట్రైకోడెర్మా వైరెన్స్.

నా ప్లేటులో రైజోక్టోనియా ముందు పరుగెత్తింది, వేగంలో ట్రైకోడెర్మా దానికి సాటిరాదు. రెండూ మధ్యలో తగిలాయి. మర్నాటికి తగిలిన గీత వెంట పసుపు గోధుమ రంగు పట్టీ. విడిగా పెంచిన ప్లేట్లలో ఏ ఒక్కదానికీ ఆ రంగు లేదు. ఆ తర్వాత ట్రైకోడెర్మా గీత దాటి రైజోక్టోనియా మీదుగా పాకి, ఆకుపచ్చ బీజాలు వేసుకుంటూ పోయింది. గీత దగ్గర నుంచి టేపుతో ఎత్తి చూస్తే సన్నటి పోగు లావాటి పోగుని చుట్టలు చుట్టి ఉంది, లావాటి పోగు లోపల ఖాళీ అయి ముడతలు పడింది.

ఆ పసుపు పట్టీ ఏ రసాయనమో తెలుసుకునే యంత్రం నా దగ్గర లేదు. కానీ పక్కన ఎవరో ఉంటేనే పుట్టే రసాయనాలు ఉన్నాయన్నది గట్టిగా తేలిన విషయం. 2009లో జర్మనీలో ఒక బృందం ఆస్పర్జిల్లస్ నిడ్యులాన్స్ అనే బూజుని స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియాతో కలిపి పెంచింది. ఒంటరిగా ఉన్నప్పుడు మూగగా ఉండే జన్యువులు అప్పుడు మేలుకుని ఓర్సెల్లినిక్ ఆమ్లం లాంటివి చేశాయి. బాక్టీరియా పెరిగిన నీళ్లు పోస్తే చాలలేదు, ఒంటికి ఒళ్లు తగలాల్సి వచ్చింది. శిలీంధ్రాల జన్యువుల్లో ఇలాంటి రసాయనాల తయారీ సరంజామా చాలా ఉంటుంది, ఒంటరి ప్లేటులో అందులో కొంతే కనబడుతుంది. కాలేజీ ప్రాక్టికల్స్‌లో ఎప్పుడూ ఒంటరి కల్చర్ చూపించి పంపించేయడం మీద నాకు ఈమధ్య కొంచెం చిరాకుగా ఉంది.

సెప్టెంబరు చివర

తాకకుండా పరీక్ష. రెండు ప్లేట్ల అడుగు భాగాలు మూతిమూతి కలిపి టేపు చుట్టాను. కింద ట్రైకోడెర్మా, పైన రైజోక్టోనియా. మధ్యలో గాలి తప్ప ఇంకేం లేదు. పోలికకి కింద ఖాళీ మాధ్యమం ఉన్న జోడీలు. ట్రైకోడెర్మా పైన ఉన్న రైజోక్టోనియా నెమ్మదించింది, చావలేదు. టేపు విప్పగానే మళ్లీ ఆ కొబ్బరి వాసన. కానీ ఆ ఆవిరే మొత్తం కారణమని రాయను. మూసిన ప్లేట్లలో బూజు వదిలే బొగ్గుపులుసు వాయువు కూడా పోగవుతుంది, ఇంకా వేరే ఆవిర్లు ఉంటాయి.

సూడోమోనాస్ ఎదురుగా రైజోక్టోనియా కూడా ఆగింది. ఆ ప్లేటుని కూడా ఇనుము కలిపి మళ్లీ చేస్తే ఖాళీ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. కాబట్టి ఇనుము లాక్కోవడం ఒక్కటే ఆయుధం కాదు. కొన్ని సూడోమోనాస్ జాతులు డయాసిటైల్‌ఫ్లోరోగ్లూసినాల్ అనే మందు చేస్తాయి. పొట్టిగా డీఏపీజీ అంటారు. నా ప్యాకెట్టులోది చేస్తుందో లేదో అనుమానమే, కానీ కింద దాని ప్రస్తావన వస్తుంది.

ఈలోగా చేలో తెగులు ఎక్కువైంది. మామయ్యగారు నా ప్లేట్ల కోసం ఆగరు కదా, మందు కొట్టించారు. ఖాళీ డబ్బాలు చూశాను: ఒకటి వాలిడమైసిన్, ఇంకోదాంట్లో అజాక్సీస్ట్రోబిన్ ఉంది. రెండింటి పుట్టుకా ఇదే కథలోది. వాలిడమైసిన్ స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా నుంచి జపాన్ వాళ్లు తీసింది. అది రైజోక్టోనియాను చంపదు. ట్రెహలోజ్ అనే చక్కెరను వాడుకోనివ్వదు. దాంతో పోగు కొస ముందుకు సాగక, పిచ్చిపిచ్చిగా కొమ్మలు వేసి అక్కడే ఆగిపోతుంది. నేను ప్లేటులో చుక్క వేసి చూశాను. అంచంతా చీపురు కట్టలా అయిపోయింది.

అజాక్సీస్ట్రోబిన్‌కి మూలం యూరప్ అడవుల్లో పైన్ కాయల మీద మొలిచే స్ట్రోబిల్యూరస్ అనే చిన్న పుట్టగొడుగు. దానిలోంచి 1977లో ఆంకె, స్టెగ్లిష్ బృందం స్ట్రోబిల్యూరిన్ విడదీసింది. పక్క బూజుల శ్వాసక్రియను ఆపే మందు అది. ఆ కాయ మీద తిండి తనకే మిగలడానికి చేసుకునేది. ఎండకి తొందరగా విరిగిపోతోందని రసాయన శాస్త్రవేత్తలు దాన్ని మార్చి, నిలిచేలా చేసి, 1996లో అజాక్సీస్ట్రోబిన్‌గా అమ్మకానికి పెట్టారు. మరి ఆ పుట్టగొడుగు తన మందుకి తానే ఎందుకు చావదంటే, దాని శ్వాస యంత్రంలో ఆ మందు అతుక్కునే చోటు కాస్త తేడాగా ఉంటుంది. ఇదంతా చెబితే మామయ్యగారు డబ్బా చేతిలో తిప్పి చూసి, "పుట్టగొడుక్కి ఇంత రేటా" అన్నారు.

ఒక్క మాట మటుకు గట్టిగా చెప్పాను. అజాక్సీస్ట్రోబిన్ కొట్టిన వెంటనే ట్రైకోడెర్మా పోస్తే డబ్బు నీళ్లపాలయ్యే ప్రమాదం ఉంది. అదీ బూజే.

అక్టోబరు

గోదావరి లంకలో అరటి. బంధువుల అమృతపాణి తోటలో చెట్లు ఆకులు పసుపెక్కి, అంచు నుంచి ఎండి, కాండం చుట్టూ వేలాడుతున్నాయి. దవ్వ కోసి చూస్తే లోపల ఎర్రటి గోధుమ చారలు. పనామా తెగులే. అమృతపాణికి ఇది కొత్త కాదు. ఆ చారలున్న ముక్క నుంచి ఈ తెగులుకి కారణమైన ఫ్యుజేరియం బూజు లేచింది. తెల్లటి దూది, కింద లేత ఊదా రంగు. మైక్రోస్కోపులో కొడవలి ఆకారపు బీజాలు.

ఈ ప్లేట్ల విషయంలో చాలా జాగ్రత్తగా ఉన్నాను. పని అయిన ప్రతి ప్లేటూ కుక్కర్లో ఉడికాకే బయటికి పోతుంది. ఈ బూజు మందపాటి గోడల బీజాలు చేసుకుని మట్టిలో ఏళ్ల తరబడి ఉండగలదు. మన ఇంటి వెనక దొడ్లోకి మనమే తెచ్చిపెట్టుకోకూడదు. తోటలోకి వెళ్లిన చెప్పులు కూడా గట్టు మీదే కడిగి వచ్చాను.

ఫ్యుజేరియాన్ని సూడోమోనాస్ ఎదురుగా పెట్టాను. రైజోక్టోనియా దగ్గర కనబడినంత ఖాళీ ఇక్కడ లేదు. ఫ్యుజేరియం గీత దాకా చాలా దగ్గరగా వచ్చింది.

దీనికి నా ప్లేటు ఒక్కటే చాలదు, కానీ చదివింది సరిపోలుతోంది. ఫ్యుజేరియం ఫ్యుజారిక్ ఆమ్లం చేస్తుంది. ఇది మొక్కకు విషం అన్నది పాత సంగతి. 1997లో డఫీ, డెఫాగో అనే ఇద్దరు టమాటా మీద చేసిన పనిలో ఇంకో కోణం చూపించారు. ఆ ఆమ్లం సూడోమోనాస్‌ని చంపదు. బాక్టీరియా బతికే ఉంటుంది, కానీ డీఏపీజీ తయారీ ఆగిపోతుంది. వాళ్లు జింకు కలిపితే ఫ్యుజేరియం ఆ ఆమ్లం చేయడం తగ్గింది, సూడోమోనాస్ మళ్లీ పనిలో పడింది. మన డెల్టాలో దమ్ములో జింకు సల్ఫేటు వేసేది వరికి జింకు లోపం పోవడానికి. అదే జింకు మట్టిలోని ఈ తగాదాలో కూడా వేలు పెడుతుందేమోనన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. నా ప్లేటులో చిటికెడు వేసి చూశాను, నమ్మదగ్గ తేడా రాలేదు. టమాటాది ఒక రకం ఫ్యుజేరియం, అరటిది ఇంకోటి, నా సూడోమోనాస్ వేరే. రాదగ్గ ఫలితమే.

ఇలాంటిదే ట్రైకోడెర్మా మీదా ఉంది. గోధుమ కంకుల మీద వచ్చే ఫ్యుజేరియం చేసే డాన్ అనే విషం తగిలితే, ట్రైకోడెర్మాలో ఎదుటి బూజు గోడ కరిగించే ఎంజైము జన్యువు మందగిస్తుందని 2003లో తేల్చారు. ఇక్కడా చంపడం లేదు. "కంట్రోల్ ఇస్తుంది", "అంతం చేస్తుంది" అని ప్యాకెట్ల మీద రాసే మాటలన్నీ చావు లెక్కలోనే ఉంటాయి. మొక్క మీద జరిగేదాంట్లో చాలా భాగం ఒకడి చేతిలో పనిముట్టు ఇంకొకడు కింద పెట్టించడం. నా ప్రశ్నకి కూడా ఇదే అసలు జవాబు అనుకుంటున్నాను. రెండు మంచి జీవులు కలిసి బతికి ఉన్నాయా అని చూస్తే చాలదు, కలిసి ఉన్నప్పుడు కూడా పని చేస్తున్నాయా అని చూడాలి.

అక్టోబరు చివర

అందుకని మిగిలిన కప్పుల్లో ఒక పరీక్ష. మొక్కల మొదట్లో రైజోక్టోనియా పెరిగిన గడ్డి ముక్కలు పెట్టి, నీళ్లు నిలిపి, పాలిథిన్ సంచి కప్పాను. పాముపొడ అన్ని కప్పుల్లోనూ వచ్చింది. వేరువేరుగా వారం ఎడంతో వేసినవాటిలో మచ్చ ఆలస్యంగా మొదలై, కింది తొడుగుల దగ్గరే ఎక్కువగా ఆగింది. అప్పటికప్పుడు కలిపినవి దాదాపు దీనికి దగ్గరగా ఉన్నాయి. బెల్లం డబ్బావాటికీ, ఏమీ వేయనివాటికీ పెద్ద తేడా లేదు. కప్పులు కొన్నే కాబట్టి దీన్ని నేను రుజువు అనను, మొగ్గు అంటాను.

ఇంకో సంగతి. నీళ్లు ఎప్పుడూ నిలిపి ఉంచిన కప్పుల్లో మట్టిలోంచి ట్రైకోడెర్మా సరిగా లేవలేదు. దానికి గాలి కావాలి. నిండా నీళ్లున్న సార్వా చేలో మట్టిలో దీన్ని పోసి అద్భుతం ఆశించడం దండగ. మధ్యలో ఆరుతడి ఇస్తే కొంత నయం. లేదంటే దుబ్బు మొదలు తడిచేలా తొడుగుల మీద చల్లాలి, తెగులు మొదలయ్యేది అక్కడే కాబట్టి. మెరకగా ఉండి నీరు ఇంకే లంక భూముల్లో, అరటి, కొబ్బరి మొదళ్లలో దీని పని బాగుంటుంది.

నవంబరు

తుపాను హెచ్చరికల మధ్య కోతలు మొదలయ్యాయి. ఇప్పుడు ప్లేట్ల మీద ఎవరికీ ధ్యాస లేదు. ధాన్యం రోడ్డు మీద ఆరబోసి, మబ్బు పట్టినప్పుడల్లా బరకాలు కప్పడమే అందరి పని. నా టెన్షన్ కూడా అదే.

మామయ్యగారికి దాళ్వాకి, అంటే రబీ వరికి, ఇలా రాసిచ్చాను. సూడోమోనాస్ విత్తనానికి, కిలోకి 10 గ్రాములు. ట్రైకోడెర్మా విడిగా, మాగిన గెత్తంలో కలిపి నీడలో గోనె కప్పి, తడి ఆరకుండా వారం పది రోజులు పెంచి, ఆ తర్వాత చల్లడం. ఒకేసారి వేయక తప్పకపోతే నీళ్లలో అప్పుడే కలిపి అప్పుడే పొయ్యాలి, బెల్లం వద్దు, రాత్రి నిల్వ వద్దు. రసాయన మందు కొట్టాల్సొస్తే ట్రైకోడెర్మాకి ఎడం ఇవ్వాలి. ప్యాకెట్టు కొనేటప్పుడు తయారీ తేదీ చూసి, ఎండలో పెట్టిన కొట్టు మానేయాలి.

పక్క చేను రైతు వచ్చి అంతా విని, "ఆయ్, మరి కూలి రెండుసార్లు కదండీ" అన్నారు. విత్తనానికి పట్టించడానికి వేరే కూలి అక్కర్లేదు, నారు పోసేరోజే ఇంట్లో అయిపోతుంది. గెత్తం ఎలాగూ తోలేదే. లెక్క వేసి చూపిస్తే ఒప్పుకున్నారు. ఆ వెంటనే కొబ్బరి గురించి అడిగారు. వాళ్ల దొడ్లో రెండు చెట్ల మొదళ్ల నుంచి ఎర్రటి జిగురు కారుతోందట, గానోడెర్మా అనే తెగులు బూజు అని అనుమానం. చెట్టుకి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి వేయమన్న సిఫారసు ఎప్పటి నుంచో ఉంది. అదైతే వెంటనే మొదలుపెట్టమన్నాను.

వచ్చే నెలలో ఆ చెట్ల మొదళ్ల నుంచి ముక్క తెచ్చి గానోడెర్మాను ప్లేటులోకి తీయాలి. అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ట్రైకోడెర్మాను దాని ఎదురుగా ఒకేసారి పెడితే పోటీయే ఉండదు. గానోడెర్మాను వారం ముందుగా పెట్టి, ప్లేటు సగం ఆక్రమించనిచ్చి, అప్పుడు ట్రైకోడెర్మా పెడతాను. కొబ్బరి మొదట్లో ఉండే పరిస్థితి ఎలాగూ అదే, తెగులు ఎప్పుడో ముందే వచ్చి కూర్చుని ఉంటుంది. వేపపిండి కడిగిన నీళ్లు కలిపిన మాధ్యమం మీద ఒక సెట్టు, కలపకుండా ఒక సెట్టు. అగర్ అయిపోయింది, ఈసారి రాజమండ్రి వెళ్లినప్పుడు తెచ్చుకోవాలి.